పెరట్లో ఎలుకలకు ఎయిర్‌గన్: ఏది కొనాలి, ఎంత దూరానికి కొనాలి

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. మా ఇంటి వెనక చిన్న పెరడు ఉంది. ఓ పక్క కూరగాయ మళ్ళు, ఆ చివర కోళ్ళగూడు. ఆరు నెలలుగా ఎలుకలు పట్టి పీడిస్తున్నాయి. దాణా తింటున్నాయి, గుడ్లు ఎత్తుకుపోతున్నాయి, గూడు కింద బొరియలు తవ్వేశాయి. ఇంట్లో పదేళ్ళ బాబున్నాడు, పిల్లి కూడా ఉంది కాబట్టి విషం పెట్టడానికి మనసొప్పడం లేదు. ఎయిర్‌గన్ కొందామనుకుంటున్నాను. ఎక్కువ డబ్బు పెట్టుకోలేను. పెట్టె మీద ‘సెకనుకు 1,200 అడుగుల వేగం’ అని రాసిన రైఫిలు ఒకటి తక్కువలో వస్తోంది. గ్యాస్ పిస్తోలు అయితే ఇంకా తక్కువ. ఏది తీసుకోమంటారు? పైకప్పు మీద చేరే పావురాలకు కూడా అదే పనికొస్తుందా?

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరంలో అన్నీ రాశారు గానీ ఒక్క సంగతి రాయలేదు. మీరు ఎక్కడ కూర్చుంటారు, ఎలుక ఎక్కడికి వస్తుంది, ఆ రెంటికీ మధ్య ఎంత దూరం? తుపాకీ ఎంపిక మొత్తం ఆ లెక్క మీదే ఆధారపడి ఉంది. కొనే ముందు మూడు రాత్రులు ఖాళీ చేతులతో పెరట్లో కూర్చోండి. మునిమాపు వేళ, పొద్దుగుంకిన అరగంట నుంచి గంటన్నర దాకా చూడండి. ఎలుక ఆరుబయట అడ్డంగా పరిగెత్తదు. గోడవారనే, మీసాలు గోడకు ఆనించుకుంటూ, రోజూ ఒకే దారిన నడుస్తుంది. ఆ దారిలో జిడ్డు మరక, గింజల్లాంటి పెంటికలు కనిపిస్తాయి. మూడో రాత్రికి అది ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ మలుపు తిరుగుతుందో మీకు తెలిసిపోతుంది. అప్పుడు టేపు పెట్టి కొలవండి. మామూలు పెరట్లో 8 నుంచి 15 మీటర్లు వస్తుంది. 20 దాటడం అరుదు.

ఇక పెట్టె మీది ఆ 1,200 అడుగుల మాట. దాన్ని చూసి కొనకండి. ఆ అంకె రావడానికి సీసం కంటే బాగా తేలికైన లోహపు పెల్లెట్లు, అంటే ఎయిర్‌గన్ గుళ్ళు, వేసి కొలుస్తారు. మీరు రోజూ వాడే సీసం పెల్లెట్ అంత వేగంగా పోదు. పోయినా మంచిది కాదు. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,125 అడుగులు, అంటే 343 మీటర్లు. పెల్లెట్ ఆ హద్దు దాటితే ఠప్పుమని చప్పుడు వస్తుంది. పైగా నడుము సన్నగా, తోక వెడల్పుగా ఉండే దాని ఆకారం ఆ వేగంలో కుదురుగా నిలవదు, గురి చెదురుతుంది. పెరటి పనికి సెకనుకు 200 నుంచి 270 మీటర్ల మధ్య తీరిగ్గా పోయే పెల్లెట్ చాలు.

ఎలుకను చంపేది వేగం కాదు, తగలవలసిన చోట తగలడం. ఎంత శక్తి కావాలో ఓ లెక్క చెబుతాను. 0.52 గ్రాముల పెల్లెట్ సెకనుకు 240 మీటర్ల వేగంతో బయల్దేరితే దాని శక్తి 15 జౌల్స్. తగిలే చోట 7 జౌల్స్ మిగిలితే ఎలుకకు సరిపోతుందని ఈ పనిలో చేయి తిరిగినవాళ్ళ అంచనా. 15తో బయల్దేరింది 15 మీటర్ల దగ్గర అంతకంటే బాగా ఎక్కువే మిగుల్చుకుంటుంది. అంటే మధ్యరకం రైఫిలుకే మీ పని చేసేంత బలం ఉంది. అంతకు మించిన బలానికి పెట్టే ప్రతి పైసా మీకు బరువు, చప్పుడు, కుదుపు తెచ్చిపెడుతుంది. పొరపాటున గురి తప్పితే గోడకు తగిలి వెనక్కి వచ్చే ప్రమాదం కూడా పెరుగుతుంది.

నేను ఈ మాట పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. నా మొదటి రైఫిలు అచ్చం మీరు చూసినలాంటిదే, పెట్టె మీద పెద్ద అంకె ఉన్నది. దాని బ్యారెల్‌ని, అంటే గుండు పోయే గొట్టాన్ని, కీలు దగ్గర విరిచి బిగించాలంటే రెండు చేతులూ, ఒక మోకాలూ కావాలి. పది గుళ్ళు కాల్చేసరికి భుజం వణికేది. ఒక సాయంత్రం వరసగా నాలుగు గుళ్ళు అరచేయంత వెడల్పున చెదిరాయి. అది చూసి కూడా అయిదోది ఎలుక మీద కాల్చాను. వెనక కాలికి తగిలింది. అది ఈడ్చుకుంటూ కట్టెల మోపు కిందికి పోయింది. లాంతరు పట్టుకుని కట్టెలన్నీ తీసి వెతికి, దాన్ని పట్టుకుని ప్రాణం తీసేసరికి చాలా రాత్రి అయింది. అది పెట్టిన కీచు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. ఎలుక మనకు నష్టం చేసే జీవే, కాదనను. కానీ దాన్ని చంపే హక్కు ఉన్నంత మాత్రాన హింసించే హక్కు రాదు. ఆ మర్నాటి నుంచి నాకో నియమం ఏర్పడింది. సీసా మూతంత వృత్తంలో, అంటే రెండున్నర సెంటీమీటర్ల లోపల, పదికి పది గుళ్ళు ఏ దూరంలో పడతాయో అదే నా హద్దు. ఎలుక తల దాదాపు అంతే ఉంటుంది. పదకొండో మీటరులో తొమ్మిదే పడితే నా హద్దు పది మీటర్లే.

ఇప్పుడు రకాల సంగతి. తక్కువ ఖర్చులో మీ ముందు నాలుగు దార్లున్నాయి.

గ్యాస్ పిస్తోలు ముందు పక్కన పెట్టేయండి. అందులో 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గొట్టం వేస్తారు. వరసగా కాల్చుకోవచ్చు, అట్టపెట్టెల మీద సాధనకు హాయిగా ఉంటుంది. కానీ చాలావాటిలో 5 జౌల్స్ కూడా రావు. పైగా ఆ గ్యాసు బలం వాతావరణాన్ని బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర గొట్టంలో ఒత్తిడి 57 బార్ ఉంటే, సున్నా డిగ్రీల దగ్గర 35కి పడిపోతుంది. చలి రాత్రి అదే తుపాకీ వేరే తుపాకీలా ప్రవర్తిస్తుంది. వెంట వెంట కాల్చినా గొట్టం చల్లబడి బలం తగ్గుతుంది. వాటిలో చాలావరకు ఉక్కు గుళ్ళు వేసేవి. ఉక్కు గుండు నొక్కుకోదు, గట్టి దేనికి తగిలినా బంతిలా ఎగిరి వస్తుంది. అలాంటిదానితో జీవం మీద కాల్చడం అంటే గాయపరచి వదలడమే.

స్ప్రింగు రైఫిలు, అంటే బ్యారెల్‌ని విరిచి బిగించేది, తక్కువ ఖర్చుకు ఎక్కువ కాలం పనిచేసేది. గ్యాస్ గొట్టాలు అక్కర్లేదు, పంపు అక్కర్లేదు. ఒకసారి విరిస్తే ఒక గుండు. స్ప్రింగూ, సీలూ అరిగితే మార్చుకోవచ్చు, చూసుకుంటే పదుల ఏళ్ళు నడుస్తుంది. స్ప్రింగు బదులు గ్యాసు ఇమిడ్చిన పిస్టన్ ఉన్నవి కూడా దొరుకుతాయి. వాటిలో అదురు కాస్త తక్కువ. కాకపోతే స్ప్రింగు తుపాకీతో చిక్కు ఏమిటంటే, గుండు ఇంకా బ్యారెల్‌లో ఉండగానే లోపల బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది. తుపాకీ మొదట వెనక్కి, ఆ వెంటనే ముందుకు కుదుపుతుంది. అందుకే దాన్ని గట్టిగా బిగబట్టి కాల్చేవాడికి గురి కుదరదు. విరవడానికి పది కిలోల బలం లోపు సరిపోయే తేలికరకాన్ని చూడండి. ఇరవై కిలోలు అడిగేది మీకు వద్దు.

చేతిపంపు రైఫిలుది మూడో దారి. ముందుచెక్కే పంపు. నాలుగు నుంచి పది సార్లు కొట్టి, గాలి నింపి ఒక గుండు కాలుస్తారు. కాల్చినప్పుడు కుదుపే ఉండదు. అందుకని కొత్తవాడికి కూడా మొదటి వారంలోనే గురి కుదురుతుంది. ఎన్ని సార్లు కొట్టామన్నదాన్ని బట్టి బలం తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. దీని లోపం పంపు కొట్టే చప్పుడు. ఒకటి తప్పిపోయాక మళ్ళీ పది సార్లు టకటకమని కొడుతుంటే ఎలుక ఉండదు. నిజానికి అది లోపమని కూడా నేననను. ఒక్క గుండే ఉందని తెలిసినవాడు ఆ ఒక్కదాన్నీ జాగ్రత్తగా కాలుస్తాడు.

నాలుగోది ముందే గాలి నింపుకునే పీసీపీ. 200 బార్ వరకు గాలి పట్టి పాతిక ముప్ఫై గుళ్ళు కుదుపు లేకుండా కాలుస్తుంది. గురిలో దీనికి సాటి లేదు. రైఫిలు ధర ఈమధ్య అందుబాటులోకి వచ్చింది గానీ దాని వెంట పంపో, కంప్రెసరో, సిలిండరో కొనాలి. కొందరు రైఫిలు ధర ఒక్కటే చూసి కొని తర్వాత తలపట్టుకుంటారు. ఎప్పుడైనా అటు వెళ్ళారనుకోండి, ఒకటి గుర్తుపెట్టుకోండి. అందులో నింపేది పొడిగాలి మాత్రమే. ఆక్సిజన్ సిలిండరు తగిలిస్తే లోపలి నూనె అంటుకుని తుపాకీ చేతిలోనే పేలుతుంది. పది మీటర్ల ఎలుకకు పీసీపీ కొనడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

నా మాట సూటిగా చెప్పాలంటే, మీ దూరం 12 మీటర్ల లోపు అయితే, తుపాకీ మీకు కొత్తయితే చేతిపంపు రైఫిలు తీసుకోండి. అంతకంటే దూరమైతే, రెండు నెలలు సాధన చేసే ఓపిక ఉంటే స్ప్రింగు రైఫిలు తీసుకోండి. కొత్తది మంచిది దొరక్కపోతే పాతది కొనడానికి వెనకాడకండి. పాత స్ప్రింగు రైఫిలు చూసేటప్పుడు బ్యారెల్ మూసి, దాన్ని పక్కలకు ఆడించి చూడండి. ఏమాత్రం కదిలినా వద్దు. పెల్లెట్ వేసి, కీలు దగ్గర అతుకు మీద పల్చటి కాగితం ముక్క పెట్టి, మట్టి గుట్టలోకి కాల్చండి. కాగితం ఎగిరితే అక్కడి సీలు పోయినట్టు. అది మార్చుకోవచ్చు, కానీ ధర తగ్గించమని అడగండి. పెల్లెట్ లేకుండా మాత్రం కాల్చవద్దు. ఎదురు గాలి లేక పిస్టన్ వెళ్ళి లోపలి గోడను గుద్దుకుని లోపల పాడవుతుంది.

సైజుల్లో 4.5 మిల్లీమీటర్లు, 5.5 మిల్లీమీటర్లు అనేవి రెండే ఎక్కువ వాడుకలో ఉన్నాయి. వాటినే అంగుళాల లెక్కలో .177, .22 అంటారు. చిన్నది తేలిక, వేగంగా, తిన్నగా పోతుంది. దూరం అంచనాలో మీటరు అటూ ఇటూ అయినా గురి పెద్దగా తప్పదు. పెద్దది బరువు, నెమ్మది, తగిలిన చోట గట్టిగా పనిచేస్తుంది. ఎలుకకు రెండూ చాలు. చిన్న సైజు పెల్లెట్లు చవక, ఎక్కువ రకాలు దొరుకుతాయి, కాబట్టి ఎక్కువ సాధన చేస్తారు. ఆ ఒక్క కారణానికే మీకు 4.5 చెబుతాను.

కొనే ముందే చట్టం చూసుకోండి. ఇది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. జర్మనీలో లైసెన్సు లేకుండా ఉండగలిగేది 7.5 జౌల్స్ వరకే. ఇంగ్లండులో రైఫిలుకు 12 ఫుట్‌పౌండ్లు, అంటే 16 జౌల్స్ పైచిలుకు. స్కాట్లండులో 2016 చివరి నుంచి మామూలు ఎయిర్‌గన్‌కి కూడా ధ్రువపత్రం కావాలి. ఇండియాలో 2016 నాటి ఆయుధ నిబంధనలు లైసెన్సు అక్కర్లేనివాటికి 20 జౌల్స్, 4.5 మిల్లీమీటర్ల దగ్గర గీత గీశాయి. కొన్నిచోట్ల ఊరి హద్దుల్లో కాల్చడమే నిషేధం. కొన్నిచోట్ల గుండు మీ ప్రహరీ దాటితే చాలు, ఎవరికీ తగలకపోయినా నేరమే. మీరున్న చోటి నిబంధన పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న దుకాణంలోనో అడిగి తెలుసుకోండి.

దానికంటే ముందు మీ పెరడే ఒక ప్రశ్న అడుగుతుంది. ఎలుక వెనక ఏముంది? ఎయిర్‌గన్ గుండు కొన్ని వందల మీటర్లు పోగలదు. పల్చటి కంచె దాన్ని ఆపదు. మీ గురికి వెనక మట్టి గుట్ట ఉండాలి, లేదా ఇసుక నింపిన పెట్టె ఉండాలి. రాయి, సిమెంటు, ఇనుపరేకు, నీటి మడుగు, ఇవన్నీ గుండును దారి మళ్ళిస్తాయి. గట్టి చెక్క కూడా వెనక్కి కొడుతుంది. కోళ్ళగూడు వైపు కాల్చాలంటే రేకుకు ముందు ఇసుక పెట్టె పెట్టాల్సిందే. అన్నిటికంటే మంచి ఏర్పాటు, మీరు కాస్త ఎత్తులో, మెట్టు మీదో కుర్చీలోనో కూర్చుని, కిందికి, నేల వైపు కాల్చడం. తప్పినా గుండు మట్టిలోకే పోతుంది. పక్కింటి కంచెకు ఈవల పది అడుగుల్లో ఎలుక కూర్చుని మిమ్మల్నే చూస్తున్నా సరే, వెనక మట్టి లేకపోతే ట్రిగ్గర్ మీద వేలు వేయకండి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు కాకూడదు.

ఇక డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి? తుపాకీతో పాటు ఉచితంగా వచ్చే గురి దుర్బిణిని, అంటే స్కోప్‌ను నమ్మకండి. స్ప్రింగు రైఫిలు రెండు వైపులా కుదపడం వల్ల మామూలు స్కోప్ లోపలి అద్దాలు సడలిపోతాయి. ఎయిర్‌గన్ కోసమే చేసిన స్కోప్, పది మీటర్ల దగ్గర కూడా బొమ్మ స్పష్టంగా చూపించేది, కావాలి. వేట తుపాకుల స్కోప్‌లు వంద గజాలకు అమర్చి ఉంటాయి, పెరట్లో అన్నీ మసకే. అది కొనే వీలు లేకపోతే బాధ లేదు. తుపాకీ మీద ఉండే మామూలు గురిపలకలతోనే 15 మీటర్ల దాకా హాయిగా కాల్చవచ్చు.

మిగిలిన డబ్బంతా పెల్లెట్ల మీద పెట్టండి. ఒకే రకం పెద్ద డబ్బా కాదు, నాలుగైదు రకాలు చిన్న డబ్బాలు తెచ్చుకోండి. ఒక తుపాకీకి పడిన పెల్లెట్ ఇంకోదానికి పడదు. ఒకే కంపెనీ, ఒకే మోడలు అయినా అంతే. గుండ్రటి తల ఉన్నవి దూరానికి బాగా పోతాయి. బల్లపరుపు తల ఉన్నవి దగ్గర్లో, 15 మీటర్ల లోపు, ఎలుకకు బాగా పనిచేస్తాయి, కాగితం మీద శుభ్రంగా గుండ్రటి చిల్లు పెడతాయి. మొన ఉన్నవి చూడ్డానికి బాగుంటాయి గానీ గురిలో తరచూ వెనకబడతాయి. ఒక్కో రకం అయిదేసి గుళ్ళు కాల్చి, కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఏది ఎక్కువ దగ్గరగా పడిందో అదే మీ తుపాకీ కోరుకునేది. వేసే ముందు తోక అంచు నొక్కుకుపోయిందేమో వేలితో తడమండి. వంకరపోయినదాన్ని తీసి పారేయండి.

కొత్త స్ప్రింగు రైఫిలు మొదట్లో పొగ, కాలిన నూనె వాసన వదులుతుంది. లోపల మిగిలిన నూనె ఒత్తిడికి అంటుకోవడం వల్ల అలా అవుతుంది. కొన్ని వందల గుళ్ళయ్యాక కుదురుకుంటుంది. అప్పటిదాకా గురి గురించి ఏ నిర్ణయానికీ రాకండి, అలాగే లోపల ఇంట్లోని నూనె ఏదీ పోయకండి. చెక్కకు బిగించిన స్క్రూలు మాత్రం యాభై గుళ్ళకోసారి చూసుకోండి, కుదుపుకు వదులవుతాయి.

పట్టుకునే తీరు చెప్పాలి. తుపాకీ ముందుచెక్కను ఎడమ అరచేయి చాచి, దాని మీద ఊరికే ఆనించండి. వేళ్ళు ముడవకండి. కోడిగుడ్డును అరచేతిలో పెట్టుకున్నట్టు ఉండాలి. భుజానికి బట్, అంటే తుపాకీ వెనక చివర, తగిలీ తగలనట్టు ఉండాలి. కాల్చాక తుపాకీ ఎటు కుదపాలనుకుంటే అటు కుదపనివ్వండి. ప్రతిసారీ ఒకేలా కుదిపితే గుండు ఒకే చోట పడుతుంది. ఇటుక మీద నేరుగా పెట్టి కాలిస్తే ఎగిరి వేరే చోట పడుతుంది. నేను బిగబట్టడం మానేసిన రోజున అరచేయంత వెడల్పున చెదిరే గుళ్ళు రెండు వేళ్ళ వెడల్పులోకి వచ్చాయి. తుపాకీ అదే, పెల్లెట్లు అవే.

ఇంకో చిన్న చిక్కు చాలామందికి తెలియక గురి తప్పుతారు. స్కోప్ బ్యారెల్‌కి నాలుగు సెంటీమీటర్లు పైన ఉంటుంది. 15 మీటర్లకు గురి సరిచేసుకున్న తుపాకీతో 5 మీటర్ల దగ్గర కాలిస్తే గుండు రెండు సెంటీమీటర్లకు పైగా కింద పడుతుంది. ఎలుక తలకు గురిపెడితే దవడ కింద గాలిలోకి పోతుంది. కాబట్టి 5, 8, 10, 12, 15 మీటర్ల దగ్గర ఒక్కో కాగితం కట్టి, ఎక్కడ పడుతుందో రాసి, ఆ చీటీ తుపాకీ చెక్కకు అంటించుకోండి.

ఎలుకను ఆపడం కూడా ఒక పనే. వేరుశెనగ ముద్దను ఇటుక ముక్క మీద పల్చగా పులమండి. గింజలుగానో, ముక్కలుగానో పెడితే నోట కరుచుకుని బొరియలోకి పోతుంది. పులిమితే అక్కడే నిలబడి నాకాలి. కొత్త వస్తువంటే ఎలుకకు భయం. నాలుగైదు రాత్రులు దాన్ని అక్కడే ఉంచండి, కాల్చకండి. అలవాటు పడ్డాక పక్కకు తిరిగి నాకుతూ కదలకుండా ఉంటుంది. అప్పుడు కంటికీ చెవికీ మధ్య గురి. ఎర్ర వెలుతురు ఎలుక కళ్ళకు సరిగా ఆనదు. ఎర్ర కాగితం చుట్టిన టార్చి పెట్టుకుంటే అది బెదరదు. కానీ ఆ వెలుతురులో మీకు వెనకున్నది స్పష్టంగా కనపడాలి. పిల్లి ఇంట్లో ఉందని తలుపు వేసి చూసుకున్నాకే కుర్చీలో కూర్చోండి.

చచ్చిన ఎలుకను ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. ఎలుక మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. చేతి తొడుగులు వేసుకుని తీసి, లోతుగా పాతండి. సీసం ఉన్న ఆ కళేబరం పిల్లి నోటికో, గుడ్లగూబ నోటికో పోకూడదు. పెంటికలను పొడిగా ఊడవకుండా ముందు నీళ్ళు, క్రిమిసంహారిణి చల్లి తడిపి తీయండి. పెల్లెట్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. కోళ్ళు గీరుకుని తినే నేలలోకి సీసం గుళ్ళు కాల్చవద్దు. గూడు దగ్గర అయితే తగరంతో చేసిన, సీసం లేని పెల్లెట్లు వాడండి.

బాబు సంగతి. ఎయిర్‌గన్ గుండు కన్ను తీస్తుంది, దగ్గరగా తగిలితే ప్రాణం కూడా తీయగలదు. తుపాకీ తాళం వేసిన బీరువాలో, పెల్లెట్లు వేరే తాళంలో. గుండు వేసిన తుపాకీని కింద పెట్టకండి, తలుపు దాటించకండి. స్ప్రింగు రైఫిలు విరిచి పెల్లెట్ పెట్టేటప్పుడు బ్యారెల్‌ని రెండో చేత్తో పట్టుకునే ఉండండి, జారి మూసుకుంటే వేలు నలిగిపోతుంది. వాడికి చూడాలని ఉంటుంది. కళ్ళద్దాలు పెట్టి, పగటిపూట, కాగితం మీద, మీరు పక్కనుండి నేర్పండి. రాత్రి ఎలుకల దగ్గర వద్దు.

పావురాలకు నా జవాబు ఒకటే, వద్దు. పైకప్పు మీది పిట్టకు కాల్చడమంటే ఆకాశంలోకి కాల్చడం, తప్పిన గుండు ఎవరి వాకిట్లో పడుతుందో మీకు తెలియదు. పైగా చాలా దేశాల్లో పక్షులకు చట్టం రక్షణ ఉంది. అవి వాలే చోట వల కట్టండి, గూడు పెట్టే సందులు మూయండి.

చివరగా, తుపాకీ ఒక్కటే ఎలుకలను తగ్గిస్తుందని అనుకోకండి. ఆడ ఎలుక మూడు వారాల్లో ఈనుతుంది, ఒక్కో ఈతకు ఆరు నుంచి పన్నెండు పిల్లలు. మీరు వారానికి నాలుగు కొడితే అవి ఎనిమిది కంటాయి. దాణా మిగిలి ఉన్నంతకాలం ఈ లెక్క మారదు. పొద్దుగుంకే ముందే దాణా తొట్టె తీసి, మూత బిగుతుగా ఉండే ఇనుప డబ్బాలో పెట్టండి. గుడ్లు సాయంత్రమే ఏరుకోండి. కోళ్ళగూడుకు వాడే పెద్ద కళ్ళ వల ఎలుకను ఆపదు. 12 మిల్లీమీటర్ల కన్నున్న గట్టి తీగ వల గూడు చుట్టూ కట్టి, అడుగున మట్టిలోకి దించి, బయటికి మడవండి. చుంచెలుకలు కూడా ఉంటే 6 మిల్లీమీటర్ల కన్ను కావాలి. గోడవారన, పిల్లి దూరలేని పెట్టెల్లో, గోడకు అడ్డంగా బోనులు పెట్టండి. బోను రాత్రంతా మేలుకునే ఉంటుంది, మీరుండలేరు.

పని ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. ప్రతి బొరియ నోట్లో నలిపిన కాగితం వదులుగా కుక్కి, పైన మట్టి చల్లి చదును చేయండి. రెండు పొద్దులు చూడండి. కాగితం బయట పడి ఉన్న బొరియలో ఇంకా ఎలుకలున్నట్టే. ఆ నోటి నుంచి మీ కుర్చీకి ఎన్ని మీటర్లో మళ్ళీ కొలవండి.